గంగావతరణం నృత్యరూపకం: 44 మందికి దుస్తులు, చేతిలో మూడు నెలలు. తెలిసినవాళ్ళు చెప్పండి

పర్లాకిమిడి గజ్జెలు | శ్రావణ సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. మా గురువుగారి దగ్గర కూచిపూడి నేర్చుకుంటున్న పిల్లలూ, పాత విద్యార్థులూ కలిసి కార్తీక పౌర్ణమికి గంగావతరణం వేస్తున్నాం. ఆరుబయట వేదిక, రెండు గంటల పైచిలుకు రూపకం. పాత్రలు 44. గంగ తరంగాలుగా 18 మంది ఆడపిల్లలు, 9 నుంచి 13 ఏళ్ళవాళ్ళు. సగరపుత్రులు అరవై వేలమంది కదా, వాళ్ళ బదులు 10 మంది మగపిల్లలు. దేవతలు 8 మంది. ఇక సగరుడు, కపిలుడు, అంశుమంతుడు, దిలీపుడు, భగీరథుడు, శివుడు, గంగ, జహ్నువు. ఆహార్యం, అంటే దుస్తులూ అలంకారాల బాధ్యత నాకు అప్పగించారు.

అద్దెకు తేవచ్చు కదా అంటారని ముందే చెబుతున్నాను. రెండేళ్ళ కిందట ఒక పెద్ద ఊరి నుంచి అద్దెకు తెచ్చాం. ప్రదర్శన రోజు మధ్యాహ్నం మూటలు విప్పితే సగం దుస్తులు నడుము దగ్గర రెండంగుళాలు తక్కువ. పిన్నీసులు పెట్టి ఎక్కించాం. ఒక పాప మోకాళ్ళు పక్కలకి తెరిచి పూర్తిగా కూర్చునే మండి అడుగు వేయగానే తొడల మధ్య కుట్టు పర్రుమని పోయింది. మిగతా నాట్యమంతా ఆ బిడ్డ మోకాళ్ళు దగ్గరికి చేర్చుకునే చేసింది. తరవాత ఆరు నెలలు క్లాసుకి రాలేదు. ఆమె తరంగాల వరుసలో ఇప్పుడు మళ్ళీ ఉంది. అందుకే ఈసారి అద్దె ఒప్పుకోలేదు.

నాకు కుట్టు కొంత వచ్చు, ఊళ్ళో ఇద్దరు టైలర్లు సాయానికి ఉన్నారు. కానీ ఇంతమందికి ఒకేసారి ఎప్పుడూ చేయలేదు. ఏ గుడ్డ కొనాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? కపిలుడు కళ్ళు తెరవగానే సగరపుత్రులు బూడిద అయిపోవాలి, అది వేదిక మీదే జరగాలి. శివుడి జటలోంచి గంగ దిగాలి. వీటికి ఎవరైనా దారి చెబితే మీ మేలు మరచిపోను.

ఇచ్ఛాపురం నట్టువాంగం | అదే రాత్రి, 10:15

మంచి పని తలపెట్టారమ్మా. నా మాట ఒకటే, పట్టు తప్ప మరొకటి ముట్టుకోవద్దు. కూచిపూడి డ్రెస్సుకి ప్రాణం ముందు వైపు కుచ్చిళ్ళలో ఉంటుంది. అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నప్పుడు, విసనకర్రలా విచ్చుకోవాలి, లేవగానే మళ్ళీ ఒద్దికగా మూసుకోవాలి. పట్టులో ఆ బరువు, ఆ ఒంపు ఉంటాయి. ఆర్ట్ సిల్కు, అదే పాలిస్టరు లాంటి పోగులతో చేసే నకిలీ పట్టు, ఉబ్బిపోయి గొడుగులా నిలబడుతుంది. దుకాణంలో పట్టే అని చెప్పి అంటగడతారు. ఒక పోగు లాగి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళమధ్య పొడి అవుతుంది. పాలిస్టరయితే కరిగి గట్టి ఉండ కడుతుంది.

దేరా వీధి కోడలు | మంగళవారం, ఉదయం 7:05

బరంపురం నుంచి రాస్తున్నాను. మా అత్తవారిది నేత ఇల్లు, దేరా వాళ్ళం, ఇంట్లో తెలుగే. మేష్టారి మాట నిజమే గాని, 44 మందికి పట్టు అంటే ఆ లెక్క ఎవరు మోస్తారు? పైగా ఎదిగే పిల్లలు, వచ్చే ఏడాదికి పొట్టి అయిపోతాయి.

నా సలహా వినండి. గంగకి మాత్రం అసలైన మగ్గం పట్టు పెట్టండి. మా బరంపురం పట్టులో ఫోడా అంచు ఉంటుంది చూడండి, అంచు మీంచి ఒంటి గుడ్డలోకి గుడి శిఖరాల్లా వరసగా లేచే పళ్ళు. దూరానికి అవి చిన్న అలల్లాగే కనిపిస్తాయి. పాలమీగడ రంగు ఒళ్ళు, వెండిబూడిద అంచు చెప్పి నేయిస్తే గంగకి అంతకన్నా ఏం కావాలి. చీర ఒకటే కాబట్టి మూడు నెలల్లో మగ్గం దిగుతుంది. 18 నేయమంటే మాత్రం ఇక్కడ ఎవరూ మాట ఇవ్వరు. మగ్గాలు తగ్గిపోయాయి, ఉన్నవాళ్ళ చేతిలో ముందే ఒప్పుకున్న పని ఉంది.

తరంగాలకి తాను గుడ్డ తీసుకోండి. చీరలు 18 కొనకండి. ఒకే రంగు అని కొన్న చీరల్లో నాలుగైదు వేరే కాగులో అద్దినవి ఉంటాయి. ఇంట్లో తేడా తెలీదు, వరుసగా నిలబెడితే మాత్రం పళ్ళలో పిప్పి పన్నులా కనిపిస్తుంది. ఒకే అద్దకంలో వచ్చిన తానులే కావాలని అడిగి, కావలసినదానికంటే రెండు డ్రెస్సుల గుడ్డ ఎక్కువే తీసుకోండి. తరవాత కావాలంటే ఆ రంగు మళ్ళీ దొరకదు.

మిషన్ తాతయ్య | మంగళవారం, మధ్యాహ్నం 2:30

అమ్మా, గుడ్డ తరవాత. ముందు టేపు తియ్యి.

నాను రాయగడలో నలభై ఏళ్ళు మిషను తొక్కినాను. నాటకాలోళ్ళకి, భాగోతాలోళ్ళకి, డాన్సు గుంటలకి అందరికీ కుట్టీసినాను. నించోబెట్టి కొలత తీసిన డ్రెస్సు నించోడానికే పనికొస్తాది. నీ పిల్లకి కుట్టు పోయిందంటే ఆ కుట్టినోడు పిల్లని అరమండిలో సూణ్ణేదు, అంతే.

నువ్వేటి సెయ్యాలంటే, గుంటని అరమండిలో పెట్టు, మోకాళ్ళు పక్కలకి బాగా తెరవమను. ముందు నడుం కాడ టేపు పట్టుకోని, కాళ్ళ సందులోంచి ఎనక్కి తెచ్చి, ఎనక నడుం దాకా కొలు. నించున్నప్పుడు ఆ కొలతే మళ్ళీ తీసి పక్కన రాసుకో. తేడా నీకే తెలుస్తాది. ఆ తేడాకి తొడల మజ్జన నలుపలకల ముక్క ఏసి కుట్టాల. ఆ ముక్క క్రాసుగా కొయ్యి, అప్పుడు సాగుతాది. ఆ సోట కుట్టు రెండుసార్లు తొక్కు. తొడ సుట్టు, మోకాలి సుట్టు, పిక్క సుట్టు కూడా కూకున్నప్పటివే తియ్యి.

చీలమండకి నాలుగేళ్ళు పైనే అంచు ఆపీ. కిందకి దిగితే గజ్జెలు పట్టుకుంటాయి. ఒక్క మువ్వ నోట్లో జరీ పోగు ఇరుక్కుందంటే పాదం లేపినప్పుడు అంచంతా ఊడొచ్చీస్తాది.

ఇంకోటి. పక్క కుట్లలో లోపల రెండేసి అంగుళాలు ఒగ్గు. పైకి కనబడదు, బరువూ కాదు. గుంటలు ఎదుగుతారు.

పర్లాకిమిడి గజ్జెలు | మంగళవారం, రాత్రి 8:50

తాతగారూ, ఇవాళ సాయంత్రం ఐదుగురికి మీరు చెప్పినట్టు కొలిచాను. నిలబడినప్పటికీ అరమండికీ ఒక్కొక్కరికి రెండంగుళాలకు పైనే తేడా వచ్చింది. ఇన్నేళ్ళు నాట్యం చేశాను, కొలత కూర్చుని ఇవ్వాలని నాకు ఎవరూ చెప్పలేదు.

ఒక సంగతి గమనించాను. ఆ కుట్టు పోయిన పాపకి ఎడమ భుజం కొంచెం దిగువగా ఉంది, అర అంగుళం ఉంటుందేమో. రెండు వైపులా ప్యాడ్ పెట్టి సరిచేయనా?

మిషన్ తాతయ్య | మంగళవారం, రాత్రి 9:20

వద్దు. ప్యాడు పెడితే సెయ్యి లేపినప్పుడు అది లేచి మెడకి తగుల్తాది, పిల్ల దాన్నే తడుముకుంటాది. జాకెట్టు ఎడం భుజం కుట్టు అర అంగుళం కిందకి దించి కుట్టు. పైనేసిన పమిట ఎలాగూ ఎడం భుజం మీంచే ఎల్తాది, ఎవులికీ తెలీదు. పిల్లకి కూడా సెప్పకు.

లైట్ల బాబు, గుణుపురం | బుధవారం, ఉదయం 11:00

అక్కా, రంగు ఖాయం చేసే ముందు లైట్లవాళ్ళతో ఒక్క రాత్రి కూర్చోండి. గంగ దిగేటప్పుడు వేదికంతా నీలం కావాలని మీ గురువుగారు ఎలాగూ అడుగుతారు. నీలం లైటు పడితే ఎరుపు నల్లగా మారిపోతుంది. తరంగాలకి నీలం ఒళ్ళూ ఎర్ర జరీ అంచూ అనుకుంటున్నారేమో, ఆ అంచులన్నీ బొగ్గుగీతల్లా కనబడతాయి. పసుపు కలిసిన లైటులో ముదురు నీలం మసకబారుతుంది. తెల్లగుడ్డకి ఏ లైటు వేస్తే ఆ రంగు వస్తుంది. అందుకే నేనైతే తరంగాలకి తెలుపే అంటాను. దిగేటప్పుడు నీలం, సగరపుత్రుల బూడిద తడిపేటప్పుడు వెన్నెల, హారతికి బంగారు రంగు. ఒక్క డ్రెస్సుతో మూడు నదులు చూపించవచ్చు.

ఇచ్ఛాపురం నట్టువాంగం | బుధవారం, మధ్యాహ్నం 1:10

తెలుపు చూడ్డానికి బాగుంటుంది బాబూ, పారాణి మాటేమిటి? 18 మంది పిల్లలు పాదాలకు పారాణితో అరమండిలో కూర్చుంటే కుచ్చిళ్ళ అంచు ఎర్రబడకుండా ఉంటుందా? ఎన్ని తెల్లడ్రెస్సులు అలా పాడయ్యాయో చూసినవాణ్ణి.

దేరా వీధి కోడలు | బుధవారం, సాయంత్రం 6:45

మధ్యేమార్గం చెప్పనా? నురుగు కలిసిన నీలం తీసుకోండి, తెలుపుకి ఒక్క మెట్టు ఇవతల. లైటు రంగు అదీ బాగానే పట్టుకుంటుంది. అంచు వెండి జరీ. కాళ్ళ అంచుకి, కుచ్చిళ్ళ అడుగుకి లోపలి వైపు ముదురు నీలం గుడ్డ రెండంగుళాలు పట్టీ వేయండి. పారాణి అంటినా అక్కడే అంటుతుంది. పారాణి ముందురోజు సాయంత్రమే పెట్టేసి బాగా ఆరనివ్వండి.

జయపురం టీచర్ | గురువారం, రాత్రి 9:00

నేను ఒడిస్సీ చేస్తాను, ఇంట్లో మాట్లాడేది తెలుగు. కపిలుడు, జహ్నువు, తపస్సులో ఉన్న భగీరథుడు, ఈ ముగ్గురికీ దుకాణంలో దొరికే నారింజ రంగు కాషాయం వద్దని నా మనవి. మా కొరాపుట్ జిల్లాలో కోట్‌పాడ్ నేత ఉంది. మిర్గాన్ కులంవాళ్ళు ఆవుల్ చెట్టు వేరుతో నూలుకి రంగు ఎక్కిస్తారు. నూలుని ఆముదం, పేడ పట్టించి పదునుచేసి, రోజుల తరబడి అద్దితే గాని ఆ ముదురు ఎరుపు రాదు. ఒడిశా నుంచి మొదట భౌగోళిక గుర్తింపు దక్కింది దీనికే, 2005లో. ఆ ముదురు ఎరుపు, అద్దకుండా వదిలిన నూలు రంగు పక్కపక్కన పెట్టిన ఉత్తరీయం వేస్తే, మనిషి అడవిలోంచి లేచి వచ్చినట్టుంటాడు. మెరుపు ఉండదు, చెమట పీల్చుకుంటుంది. అగ్నిలాంటి ముని ఒంటిమీద మెరుపు ఎందుకు?

కిరీటాలకి అట్ట, ఇనపతీగ వాడకండి. ఒడిస్సీలో మా తలమీద పెట్టే తహియా జీలుగు బెండుతో చేస్తారు. చేతిలో పెట్టుకుంటే ఏమీ లేనట్టుంటుంది. 8 మంది దేవతలకి, గంగకి బెండు కిరీటాలైతే రెండు గంటలు మోసినా మెడలు పట్టెయ్యవు.

సిరొంచ గట్టు | గురువారం, రాత్రి 10:30

మేం మహారాష్ట్ర వైపు, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉంటాం, ఎదురుగా కాళేశ్వరం. మా గడ్చిరోలి జిల్లాలో ఆర్మోరి వైపు టస్సర్ పట్టు దొరుకుతుంది. రంగు అద్దకపోయినా తేనెరంగులో ఉంటుంది. సగరుడు, దిలీపుడు లాంటి రాజులకి ధోవతులు టస్సర్ పెట్టండి, పైన జరీ కండువా చాలు. గోదారి ఒడ్డునుంచి గంగమ్మకి ఇదే మా కానుక అనుకోండి, రెండు ధోవతులు నేను పంపుతాను.

పర్లాకిమిడి గజ్జెలు | శుక్రవారం, ఉదయం 6:30

సిరొంచ అన్నా, మీ మాట చదివి మా గురువుగారు కళ్ళు తుడుచుకున్నారు.

నిన్న రాత్రి నాలుగు రంగుల పావు మీటరు ముక్కలు తీసుకుని లైట్ల దగ్గరికి వెళ్ళాం. నలభై అడుగుల దూరంలో నిలబడి చూశాను. నేను ముచ్చటపడి తెచ్చిన నెమలికంఠం రంగు లైటు కింద చచ్చిపోయింది. నురుగు నీలమే గెలిచింది. రేపు పలాస మీదుగా బరంపురం వెళ్తున్నాను.

తరంగాలకి ఆర్ట్ సిల్కే తీసుకుంటున్నాను మేష్టారూ, మన్నించండి. చిన్నపిల్లల కొలతలకి 44 అంగుళాల పన్నాలో ఒక్కొక్కరికి నాలుగు మీటర్లు పడుతోంది. 18 మందికి 72, మరో రెండు డ్రెస్సులకి కలిపి 80 మీటర్లు.

ఇచ్ఛాపురం నట్టువాంగం | శుక్రవారం, ఉదయం 8:00

మన్నించడానికేముంది తల్లీ, డబ్బు సంగతి నాకు తెలియనిదా. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను. చివర హారతి నాట్యంలో దీపాలు పట్టుకునేది ఎవరు? వాళ్ళ ఒంటిమీద పాలిస్టరు పోగు ఉండకూడదు. నిప్పు తగిలితే అది కరిగి చర్మానికి అంటుకుంటుంది. దీపం పట్టే పిల్లలకి నూలో, అసలు పట్టో వేయండి. ఇక్కడ మాత్రం నేను తగ్గను.

పర్లాకిమిడి గజ్జెలు | శుక్రవారం, ఉదయం 8:20

దీపాలు తరంగాలే పట్టాలని ఉంది మేష్టారూ. ఇప్పుడే గురువుగారితో మాట్లాడాను. దీపాలు దేవతలకి మార్చేశాం, ఆ 8 మందికీ పట్టు. తరంగాలు ఇత్తడి పళ్ళేల మీద నిలబడి ఆడే నాట్యం మాత్రమే చేస్తారు.

బరంపురం టు బర్లిన్ | ఆదివారం, రాత్రి 11:45

ఈ చర్చ ఆలస్యంగా చూశాను. నేను ఇక్కడ ఒక నాట్యశాల దుస్తుల విభాగంలో కొన్నాళ్ళు పనిచేశాను, పడమటి బ్యాలే. వాళ్ళ ఆడవాళ్ళు వేసే టుటు అనే విచ్చుకున్న గౌనులో తుంటిమీద బిగుతుగా కూర్చునే పట్టీకి పది, పన్నెండు పొరల నెట్ కుడతారు. అది మనకి అక్కర్లేదు. కానీ రెండు పద్ధతులు మనవాళ్ళకి పనికొస్తాయి.

ఒకటి వీపు హుక్కులు. హుక్కు ఒక వైపు ఒకే వరుస, దాన్ని తగిలించే కాడలు రెండో వైపు రెండు మూడు వరుసలు. ఒక డ్రెస్సు ఏళ్ళ తరబడి పదిమంది చేతులు మారుతుంది, ఎవరి ఒంటికి తగ్గ వరుసలో వాళ్ళు తగిలించుకుంటారు. లోపల వేసుకున్నవాళ్ళ పేర్ల పట్టీలు ఒకదాని కింద ఒకటి కుట్టి ఉంటాయి. మొదటిసారి అలాంటి డ్రెస్సు విప్పి చూసినప్పుడు, ఆ పేర్లన్నీ చదువుతూ చాలాసేపు అలాగే కూర్చున్నాను.

రెండోది చంక కింద ముక్క. తాతగారు తొడల మధ్య వేయమన్నదే ఇక్కడ చంక కింద వేస్తారు. చేయి తలమీదికి ఎత్తినా రవిక నడుము నుంచి పైకి లేవదు.

మిషన్ తాతయ్య | సోమవారం, ఉదయం 5:50

బాబూ, సంక కింద ముక్క మేమూ ఏసీవాళ్ళం, రెండో వరస కాడలు మాత్రం నాకు కొత్త. బాగుంది. అమ్మా, రాసుకో.

పర్లాకిమిడి గజ్జెలు | భాద్రపదం, వినాయక చవితి తరవాత బుధవారం

ఒక తప్పు జరిగింది. ఆరు తరంగాల డ్రెస్సులు కుట్టేశాం, చాలా బాగా వచ్చాయి. ఒకదాని మీద టీ పడితే నీళ్ళలో తడిపి ఆరేశాను. ఆరేసరికి లోపలి నూలు లైనింగ్ కుదించుకుపోయి, పైగుడ్డ అంతా ముడతలు పడింది. ఆరూ అలాగే కుట్టినవే.

మిషన్ తాతయ్య | అదే రోజు

లైనింగు ముందు నీళ్ళలో నానబెట్టీసి ఆరబెట్టాల అమ్మా, అది నాను సెప్పాల్సింది, మరిచిపోనాను. ఆరు డ్రెస్సులూ ఇప్పీ. పైగుడ్డ కుట్లు ముట్టుకోకు, లైనింగు ఒక్కటీ ఇప్పి, నానబెట్టి, ఆరీసినాక మళ్ళీ కొలిసి ఎక్కించు. రెండ్రోజుల పని. ఏడవకు.

కుచ్చిళ్ళ సంగతి కూడా సెప్తున్నా. మడత ఒక అంగుళం కనబడాలంటే మూడంగుళాల గుడ్డ పడతాది. పన్నెండు మడతలకి ముప్పయ్యారు. తక్కువలో కుదిరిద్దామని మడత పల్చన సెయ్యకు, తెరిసినప్పుడు ఎండిన చేప రెక్కలాగుంటాది. ఇస్త్రీ పెట్టినాక ఎనక వైపు మూడు సోట్ల దారంతో మడతలని ఒకదానికొకటి ఒదులుగా కట్టు. అప్పుడు ఎంత తెరవాలో అంతే తెరుస్తాది.

పర్లాకిమిడి గజ్జెలు | ఆశ్వయుజం, దసరా ముందు

లైనింగులు మార్చేశాం. 18 పూర్తయ్యాయి. పళ్ళెం మీద నిలబెట్టి చూశాను, అంచు పళ్ళేనికి తగలడం లేదు.

బూడిద దగ్గర ఆగిపోయాం. సగరపుత్రుల ఉత్తరీయం రెండు ముఖాలుగా కుట్టాను. పైకి కుంకుమ రంగు మెరుపు, లోపల బూడిదరంగు పల్చటి నూలు. భుజం దగ్గర టిచ్ బటన్లు పెట్టాను. కపిలుడు చూడగానే విప్పి తిరగేసి, తలమీదుగా కప్పుకుని కూలిపోవాలి. పది మందిలో ముగ్గురికి బటన్లు రావడం లేదు. గట్టిగా లాగితే గుడ్డ చిరుగుతోంది.

దేరా వీధి కోడలు | మరునాడు

మా ఊళ్ళో రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్రకి మొక్కుకున్నవాళ్ళు రకరకాల వేషాలు కడతారు. వీధిలో నడుస్తూనే వేషం సర్దుకోవాలి కాబట్టి ఎక్కడా బటన్లు ఉండవు, అన్నీ జారుముళ్ళే. మీరూ బటన్లు తీసేసి ఒక్క నాడా పెట్టండి. భుజం మీద జారుముడి, కొస కుడిచేతికి అందేలా వదలాలి. కొసకి చిన్న పూస కట్టండి, చీకట్లో కూడా వేలికి తగులుతుంది. నైలాన్ నాడా వద్దు, దానంతట అదే జారిపోతుంది. నూలుదే పెట్టండి.

జయపురం టీచర్ | అదే రోజు

గంజాంలో ప్రహ్లాద నాటకం ఆడేవాళ్ళ రాజవేషాలు చూశారా? వెల్వెట్టు మీద జరీ దట్టంగా కుట్టి ఉంటుంది. హిరణ్యకశిపుడు కదిలితే ఆ బరువే అతని అహంకారంలా కనిపిస్తుంది. మీ సగరపుత్రులు కూడా మొదట గుర్రం వెంట గర్వంగా ఊగిపోతూ రావాలి కదా. ఉత్తరీయం మెరుపు వైపు అంచుకి కాస్త బరువైన జరీ పట్టీ వేయండి. తిరగేయగానే ఆ బరువుకే బూడిద వైపు కిందకి జారి మనిషిని కప్పేస్తుంది.

పర్లాకిమిడి గజ్జెలు | రెండు రోజుల తరవాత

ఇవాళ రిహార్సల్లో చేశాం. పూసలు లాగారు, పది మందీ ఒక్కసారిగా బూడిదైపోయారు. చూస్తున్న తల్లులు ‘అయ్యో’ అన్నారు. ఆ అయ్యో కోసమే ఇన్ని రాత్రులు కూర్చున్నాననిపించింది.

ఇక శివుడు. జట గోగునారతో కట్టాం, టీ డికాక్షన్‌లో ముంచి రంగు తెచ్చాం. గంగ కోసం పన్నెండు మీటర్ల తెల్ల జార్జెట్టు జటలోంచి లాగాలి. లాగితే జటే ఊడి వస్తోంది. గోగునారకి శివుడి మెడంతా దురద.

బరంపురం టు బర్లిన్ | అదే రాత్రి

గుడ్డని జటకి కట్టకండి. పులిచర్మం కింద నడుముకి గట్టి బెల్టు వేసి, గుడ్డ కొస దానికి కుట్టండి. వీపు మీంచి, మెడ వెనకనుంచి పైకి తీసుకెళ్ళి జట మధ్యలో గూడులా చేసి మడతలుగా పెట్టండి. చుట్టగా చుడితే చిక్కుపడుతుంది, గుడిలో పంచె మడిచినట్టు అటూ ఇటూ మడవండి. లాగిన బరువు నడుము మీద పడుతుంది, తలమీద కాదు. జట కింద మెత్తటి నూలు టోపీ, అది మెడ వెనక దాకా రావాలి.

లైట్ల బాబు, గుణుపురం | మరునాడు

పులిచర్మం అచ్చేసిన వెల్వెట్టు కాదు కదా? లైట్ల కింద అది కుంపటి. మందపాటి నూలు మీద రంగు వేయించండి.

పర్లాకిమిడి గజ్జెలు | కార్తీక పౌర్ణమి తరవాత మూడో రోజు

ఇప్పటికి నిద్ర తీరింది. రాయాలని మూడు రోజులుగా ఉంది.

గంగ దిగింది. చీర మూడు రోజుల ముందే మగ్గం దిగి వచ్చింది. ఆ ఫోడా అంచు నీలి వెలుగులో నిజంగానే అలలా కదిలింది. శివుడి జటలోంచి తెల్లగుడ్డ లాగుతుంటే పన్నెండు మీటర్లూ ఒక్క చిక్కు లేకుండా వచ్చాయి, తరంగాలు 18 మందీ దాని కిందనుంచి దూరి వచ్చారు. కోట్‌పాడ్ ఉత్తరీయంలో కపిలుడు కదలకుండా కూర్చుంటే వెనక వరుసలోవాళ్ళు నిజంగా ముని అనుకున్నారట. సగరుడికీ దిలీపుడికీ సిరొంచ టస్సరే.

అన్నీ సజావుగా జరగలేదు. దేవతల్లో ఒకరి బెండు కిరీటం మంచుకి మెత్తబడి ఒక పక్కకి ఒరిగింది. చలికాలం ఆరుబయట వేస్తున్నామని తెలిసీ ఆ ఆలోచన నాకు రాలేదు. ఇద్దరి కుచ్చిళ్ళకి పారాణి అంటింది, లోపలి పట్టీకే.

మండి అడుగు దగ్గర నేను వేదిక పక్కన ఊపిరి బిగబట్టి ఆ పాపనే చూస్తున్నాను. పూర్తిగా కూర్చుంది. మోకాళ్ళు రెండు పక్కలకీ తెరిచి, వీపు నిటారుగా పెట్టి, పళ్ళెం మీద. కుచ్చిళ్ళు తెరుచుకున్నాయి. తరవాత నా దగ్గరికి వచ్చి ‘అక్కా, ఇది నాకే కుట్టారా?’ అని అడిగింది.

ఇచ్ఛాపురం నట్టువాంగం | అదే రోజు

నేను వచ్చి చూశానమ్మా, మూడో వరుసలో ఉన్నాను. తరంగాల కుచ్చిళ్ళు ఎక్కడా ఉబ్బలేదు. ఆర్ట్ సిల్కుతో అలా కుట్టవచ్చని నాకిప్పుడే తెలిసింది. ఇక వాటిని దాచేటప్పుడు జాగ్రత్త. చెమట ఆరేదాకా నీడలో, లోపలి వైపు బయటికి తిప్పి వేలాడదీయండి. పాత నూలు చీర ముక్కల్లో చుట్టండి. కలరా ఉండలు జరీ దగ్గరికి రానివ్వద్దు, నల్లబడుతుంది. మూడు నెలలకోసారి మడత మార్చండి, ఒకే మడతలో ఉంటే పట్టు అక్కడే చిట్లుతుంది.

దేరా వీధి కోడలు | అదే రాత్రి

చీర నేసిన మా మామగారికి ఫొటో చూపించాను. ఏమీ అనలేదు, ఫొటో పెద్దది చేసి అంచు ఒక్కటే చాలాసేపు చూశారు.

పర్లాకిమిడి గజ్జెలు | మరునాడు

బర్లిన్ అన్నా, 18 డ్రెస్సుల్లోనూ పేర్ల పట్టీలు కుట్టాను. ఇప్పటికి ఒక్కో పేరే. కింద ఖాళీ వదిలాను.

తాతగారూ, మాఘంలో శ్రీకాకుళంలో మళ్ళీ వేయమని అడిగారు. ముగ్గురు పిల్లలు అప్పుడే పొడవెక్కారు. మీరు ఒగ్గమన్న రెండంగుళాలు విప్పబోతున్నాను. ఇంకేమైనా చూసుకోవాలా?

మిషన్ తాతయ్య | అదే రోజు, రాత్రి 8:10

ఇప్పినప్పుడు పాత కుట్టు గీత కనబడతాది. తడిగుడ్డ ఏసి ఎనక నుంచి ఇస్త్రీ పెట్టు, పోతాది. ఆ పిల్లకి కూడా పెద్దది సేస్తే జాకెట్టు ఎడం భుజం అర అంగుళం దిగువే ఉంచు. మరిచిపోకు.